కొండంచు దారిలో తోకక్క

చేపల షెడ్డులో మేస్త్రి హాజరు పిలిచేటప్పుడు మాత్రమే ఆమెకు తన అసలు పేరు వినపడుతుంది. అది తననేనని గుర్తొచ్చి పలికేలోపు పక్కనున్న మనిషి మోచేత్తో పొడవాల్సి వస్తుంది. మిగతా లోకానికంతా ఆమె తోకక్క. చిన్నపిల్లలకూ తోకక్కే, ఆమె కన్నా పెద్దవాళ్ళకూ తోకక్కే. పిలిచేవాళ్ళలో వెక్కిరింపు లేదు, పలికే మనిషిలో నొచ్చుకోవడమూ లేదు. అది ఒక పని పేరు. జీతం రాని పనులు ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు కాబట్టి, ఈ పనికి జీతమేదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఊరు కొండకు ఇవతల ఉంది. షెడ్డు అవతల, గవ్వల ఒడ్డున ఉంది. పడవల్లోంచి దిగిన చేపను అక్కడే కడిగి, పొలుసు గీసి, ఐసులో సర్ది పెట్టెలకెత్తుతారు. చేతులు మొద్దుబారే పనంతా ఆడవాళ్ళది. తూకం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే పని మేస్త్రిది.

ఊరి నుంచి షెడ్డుకు రెండు దారులు. ఒకటి కొండ చుట్టూ తిరిగే లారీల రోడ్డు. దాని పక్కన మనిషి నడవడానికి జానెడు జాగా వదలాలన్న ఆలోచన ఆ రోడ్డు వేసినవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. రెండోది కొండంచు దారి. పడవల ఒడ్డు దగ్గర రాతిమెట్లతో మొదలవుతుంది. పైకెక్కి, సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఎండుగడ్డిలోంచి సాగుతుంది. నల్లిసుక ఒడ్డుకు దిగి, మళ్ళీ ఎక్కి, పొట్టబండను చుట్టుకుని గవ్వల ఒడ్డులో తేలుతుంది. పొట్టబండ అంటే దారి మీదికి ఉబ్బివచ్చిన పెద్ద రాయి. అక్కడ దారి ఒక్క మనిషికే సరిపోతుంది. రాయికి ముఖం పెట్టి, కడుపు లోపలికి పీల్చి, పక్కకు అడుగులేస్తూ దాటాలి. వీపు వెనక గాలి, కాళ్ళ కింద గరుకు రాయి, ఆ కిందెక్కడో నీళ్ళ రొద.

షెడ్డు ఆడవాళ్ళు ఆ దారిలో గుంపుగా నడవరు, వరసగా నడుస్తారు. ముందు నడిచే మనిషి తనకు కనపడింది చెబుతుంది. "రాయి." "జారుడు." "గాలి." ఆ మాట విన్న మనిషి తన వెనకున్న మనిషికి చెబుతుంది. అలా నోటి నుంచి నోటికి ఆ మాట చివరి వరకు వెళ్తుంది. చివర నడిచే మనిషికి చెప్పడానికి వెనక ఎవరూ ఉండరు కాబట్టి ఆమె గొంతెత్తి "ఉన్నా!" అని అరుస్తుంది. ప్రతి మలుపు దగ్గరా ఆ అరుపు వినపడితేనే ముందు మనిషి అడుగేస్తుంది. చివరి మనిషే తోక. తోక ఎవరినీ దాటకూడదు, ఎవరినీ తొయ్యకూడదు. ఎవరైనా ఆగితే తనూ ఆగాలి. కొత్తవాళ్ళు ఎప్పుడూ తోకకు ముందే నడవాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు. ఈ పద్ధతి ఉండగా ఆ దారిలో పడినవాళ్ళు మాత్రం లేరు.

తోకక్క కుడి మోకాలు చెడింది. అది కొండంచు మీద చెడింది కాదు. షెడ్డులో, ఐసు నీళ్ళు నిలిచే నున్నటి గచ్చు మీద పెట్టె మోస్తూ జారిపడినప్పుడు చెడింది. గచ్చు గరుకు చేయించమని ఆడవాళ్ళు అడిగి అడిగి నోళ్ళు నొప్పిపుట్టాయి. ప్రమాదమని ఎక్కడైనా బోర్డు పెట్టాల్సి వస్తే ముందు అక్కడ పెట్టాలి.

కానీ బోర్డు పెట్టింది వేరే చోట.

కొండ మీద ఒక కంపెనీ రిసార్టు కట్టింది. అంతకుముందు నుంచే ఆ దారికి నడక సరదా ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. వెడల్పాటి టోపీలు, చేతికర్రలు, వీపున సంచులు. ఒడ్డు నుంచి ఒడ్డుకు నడిచి, పొట్టబండ దగ్గర ఫోటోలు దిగి, ఆడవాళ్ళ వరస ఎదురైతే పక్కకు తప్పుకుని దారిచ్చేవారు. వాళ్ళతో ఎవరికీ పేచీ లేదు. "పని లేకపోయినా నడుస్తున్నారంటే మంచివాళ్ళే అయ్యుంటారు" అనేది తోకక్క. కంపెనీ కన్ను ఆ నడక మీద పడింది. ఒకరోజు పొద్దున ఆడవాళ్ళు వచ్చేసరికి రాతిమెట్ల దగ్గర ఇనుప గేటు, దానికి తాళం, పక్కన బోర్డు. శిక్షణ లేనివారికి ఈ దారి ప్రమాదకరం, గైడుతో టికెట్టు మీద మాత్రమే అనుమతి అని రాసుంది.

"మనకి శిక్షణ లేదంట" అంది వదిన. వదినంటే తోకక్క భర్తకు అక్క, వరసకు ముందు నడిచే మనిషి. ఆమె గొంతు విప్పితే పడవల ఒడ్డున పక్షులు లేచిపోతాయి. "మనం ఇన్నాళ్ళూ దొర్లుకుంటూ వెళ్ళామనుకున్నారేమో."

ఆ రోజు నుంచి లారీల రోడ్డే గతి అయింది. హారన్ మోతకు కాలవలోకి దూకడం, బురదతో షెడ్డులో అడుగుపెట్టడం, ఆలస్యమైందని మేస్త్రి సగం పూట కూలి కొట్టేయడం. ఒక లారీ వదిన భుజాన్ని రాసుకుంటూ పోయింది. కొద్దిలో తప్పింది. ఆ మర్నాడే ఆడవాళ్ళంతా పని మానేసి ఊరి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. లేవమంటే లేవలేదు. చివరికి పైనుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, కాళ్ళకు గుడ్డ బూట్లు. ఎక్కువ మాట్లాడే రకం కాదు.

విచారణ ఆఫీసు హాల్లో జరిగింది. రిసార్టు మేనేజరు ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి చెప్పాడు.

"మేడమ్, ఆ దారి మామూలు మనుషులు నడిచేది కాదు. తాళ్ళు కావాలి, గైడు కావాలి. రేపు ఎవరైనా పడితే ఎవరిది బాధ్యత? మేం వాళ్ళ ప్రాణాల కోసమే గేటు పెట్టాం."

"మా ప్రాణాల మీద ఇంత ప్రేమ ఎప్పటి నుంచి సార్?" అంది వదిన. "టికెట్టు పుస్తకం అచ్చేయించినప్పటి నుంచా?"

హాల్లో నవ్వులు. మేనేజరు కాలరు సర్దుకున్నాడు. "మీరు అలవాటు పడ్డవాళ్ళు. నేను అలవాటు లేనివాళ్ళ సంగతి చెబుతున్నా."

అప్పుడు తోకక్క కుర్చీ అంచు పట్టుకుని లేచింది. "మేడమ్, ఈ మోకాలితో నేను రోజూ నడిచాను. ఆ బండ దగ్గర ఒక ఇనుప కడ్డీ వేయించండి, పట్టుకోవడానికి ఉంటుందని మేం ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాం. ప్రమాదం ఉంటే కడ్డీ వేస్తారు గానీ తాళం వేస్తారా?"

ఆఫీసరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఇక్కడ కూర్చుంటే ఇది తేలదు. రేపు పొద్దున నడుద్దాం. మీరు, నేను, కంపెనీ తరఫున ఒకరు. ఎవరూ లాగకూడదు, మొయ్యకూడదు, తాడు కట్టకూడదు. బయల్దేరినవాళ్ళంతా ఎవరి కాళ్ళతో వాళ్ళు గవ్వల ఒడ్డు చేరితే ఆ దారి అందరిదీ. ఒక్కరు చేరకపోయినా గేటు ఉంటుంది. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నాం!" అంది వదిన, వెనకా ముందూ చూడకుండా. "బయల్దేరినవాళ్ళంతా చేరతారు. మా వరసలో చేరనివాళ్ళు లేరు."

తోకక్క భర్తకు సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. కొట్టు పైనే వాళ్ళ ఒంటిగది ఇల్లు. ట్యూబులు, చైన్లు, గ్రీజు డబ్బాలు మెట్ల మీదుగా ఎక్కి ఆ గదిలోకి కూడా వచ్చేశాయి. ఆ సాయంత్రం అతను భార్య మోకాలికి పాత ట్యూబు ముక్క చుట్టి బిగిస్తూ, విచారణ సంగతంతా విన్నాడు.

"కంపెనీ తరఫున ఎవరు నడుస్తారట?"

"మేనేజరే వస్తానన్నాడు. ఎవరైతే ఏం?"

"అతను మధ్యలో కూర్చుండిపోతే?"

ఈ సంగతి హాల్లో ఒక్కరికీ తట్టలేదు. చేరకపోవడమంటే ఏంటో వాళ్ళకు తెలీదు. ఎవరైనా వరసలోకి వచ్చారంటే చేరాల్సిందే. అదే అలవాటు వాళ్ళ చేత అంత మాట ఒప్పించింది.

"నీకు బుర్ర పాదరసం" అంది విసుగ్గా. "మధ్యాహ్నం హాల్లోకి వచ్చి ఉండొచ్చుగా?"

"నాకు ట్యూబులు అతికించడమొచ్చు గానీ మా అక్క నోరు అతికించడం రాదు" అన్నాడతను. "అయినా మీ వరసలో కూర్చుండిపోయినవాళ్ళు లేరంటావేంటి? మొదటి రోజు నువ్వు కూర్చోలేదా?"

కూర్చుంది. ఆమె పుట్టిన ఊళ్ళో ఎత్తంటే గడ్డివామే. పెళ్ళయి ఈ ఊరికొచ్చి, వదిన వెంట మొదటిసారి పనికి బయల్దేరిన పొద్దున పొట్టబండ దగ్గర కాళ్ళు బిగుసుకుపోయి ఏడ్చింది. అప్పట్లో తోక ఆమె భర్తకు మేనత్త. ఆ ముసలామె బుజ్జగించలేదు, తిట్టలేదు. "ఆగావా? సరే ఆగుదాం" అని తనూ ఆగింది. తర్వాత ఏమైందో తోకక్క ఎవరికీ పెద్దగా చెప్పదు. తనూ ఆ బండ దాటింది. ఆ ముసలామెకు చూపు మందగించాక తోక పని తను తీసుకుంది. అంతే.

మర్నాడు పొద్దున రాతిమెట్ల దగ్గర సగం ఊరు నిలబడింది. వాచ్‌మన్ గేటు తాళం తీస్తుంటే పిల్లలు ఈలలు వేశారు. మేనేజరు కొత్త బూట్లు, కొత్త టోపీతో వచ్చాడు. ముఖంలో ధీమా ఉంది. పాపం అతను ఎప్పుడూ ఆ దారి తొక్కలేదు. గది కిటికీలోంచి చూశాడు, బొమ్మలు వేయించి బోర్డులు పెట్టించాడు.

వరస కట్టారు. ముందు వదిన, ఆమె వెనక షెడ్డు వాళ్ళు, ఆ తర్వాత ఆఫీసరమ్మ, ఆమె వెనక మేనేజరు, చివర తోకక్క.

"నేను ముందు నడుస్తాను" అన్నాడు మేనేజరు.

"కొత్తవాళ్ళు తోకకి ముందే నడవాలి సార్" అంది తోకక్క. "పైనుంచి వచ్చిన మేడమే ఒప్పుకున్నారు, మీకేం?"

ఎక్కారు. గడ్డి మీద ఇంకా తడి ఉంది. సముద్రం ఆ పూట మంచి హుషారు మీదుంది, వెండిపళ్ళెంలా మెరుస్తూ కన్ను నిలవనివ్వడం లేదు. ఇన్నాళ్ళ తర్వాత ఆ దారిలో కాలు పెట్టిన ఆడవాళ్ళకు పుట్టింటి గుమ్మం తొక్కినట్టుంది. "రాయి" అని ముందు నుంచి మాట వచ్చింది. ఆఫీసరమ్మ వెనక్కి తిరిగి పరీక్షలో జవాబు చెప్పినట్టు "రాయి" అంది. మేనేజరు మాత్రం ఆ మాటను తనలోనే ఉంచుకున్నాడు.

"నాకు చెప్పాలి సార్" అంది తోకక్క.

"నీకు కనపడదా?"

"కనపడినా చెప్పాలి."

అతను చెప్పలేదు. నల్లిసుక ఒడ్డులో దిగి, తడి ఇసుకలో బూటు గుర్తులు వేసుకుంటూ దాటి, మళ్ళీ ఎక్కి పొట్టబండ దగ్గరికి వచ్చారు. వదిన దాటింది. షెడ్డు వాళ్ళు ఒక్కొక్కరే దాటారు. ఆఫీసరమ్మ ఒకసారి కిందికి చూసి, పెదవి బిగించి, మెల్లగా దాటింది. మేనేజరు రాయికి ముఖం పెట్టి నాలుగడుగులు పక్కకు వేశాడు. అతని వెనకే తోకక్క కూడా బండ మీదికి వచ్చింది.

సరిగ్గా నడిమధ్యలో అతను ఆగిపోయాడు.

"సార్?"

అతను నుదురు రాయికి ఆనించాడు.

"సార్, ఆగారేం?"

"కాళ్ళు రావట్లేదు."

అతని గొంతు సన్నగా, వేరే మనిషి గొంతులా ఉంది. రెండు చేతులూ రాయిని కావలించుకున్నాయి. టోపీ గాలికి లేచి, సముద్రం మీద ఒక చక్కరు కొట్టి మాయమైంది.

ముందు నుంచి మాట వచ్చింది. "తోక ఏది?"

"సారు ఆగారట."

"ఎక్కడ?"

"బండ మీద. అతుక్కున్నారట."

ఆ తర్వాత నోటి నుంచి నోటికి రావాల్సిన పని లేకుండా వదిన గొంతు నేరుగా వినిపించింది. "కావాలనే ఆగాడు! నాకు తెలుసు! నాటకం!"

అంతవరకూ మేనేజరుకు ఆ ఊహే లేదు. వదిన అరుపుతో వచ్చింది. తను ఇక్కడ ఉండిపోతే చాలు, కంపెనీ గెలిచినట్టే. కళ్ళు మూసుకునే అన్నాడు. "మేడమ్, నేను రాలేను. రాసుకోండి. నేను చేరలేదు."

ఆడవాళ్ళంతా ఒక్కసారి గగ్గోలు పెట్టారు. చెయ్యి పట్టి లాగేద్దామంది ఒకామె. వెనక నుంచి ఒక్క తోపు తొయ్యమంది ఇంకొకామె.

"లాగితే లెక్కలోకి రాదు" అంది ఆఫీసరమ్మ. "మాట మాటే. నాటకమని కూడా అనకండి. గొంతు వినండి, ఆ మనిషి గొంతులానే లేదు."

తోకక్కకు కోపం రాలేదంటే అది అబద్ధం. తన భుజం పక్కనే చెమటతో తడిసిన అతని చొక్కా ఉంది. ఈ మనిషి తాళం వేయించాడు. ఈ మనిషి వల్ల లారీల కింద పడబోయారు. ఇప్పుడు ఈ మనిషి కాళ్ళ మీదే వాళ్ళందరి దారి ఆగి ఉంది. ఆమె ఒక గట్టి ఊపిరి తీసుకుంది.

"రాలేరా? సరే సార్. నేనూ ఇక్కడే ఉంటాను."

"నువ్వు వెళ్ళు."

"ఎలా వెళ్ళను? మిమ్మల్ని దాటాలంటే మీ వీపెక్కాలి. అయినా తోక ఎవరినీ దాటకూడదు."

బండకు అవతల వదిన కూర్చుంది. ఆమె కూర్చోగానే వరసంతా కూర్చుంది. ఏం చేయాలో తోచక ఆఫీసరమ్మ కూడా గడ్డిలో కూర్చుంది. ఎవరూ ఒడ్డుకేసి ఒక్కడుగు వేయలేదు.

"నన్ను వెనక్కి తీసుకెళ్ళు" అన్నాడు మేనేజరు.

"వెనక్కైనా మీ కాళ్ళతోనే సార్. ముందుకి ఎంతో వెనక్కీ అంతే. మీరు సరిగ్గా పొట్టబండ బొడ్డు మీదున్నారు."

"మావాళ్ళకి ఫోన్ చెయ్యి."

"నా దగ్గర ఫోన్ లేదు. మీది జేబులోనే ఉంది కదా, తీయండి."

"చెయ్యి రావట్లేదు. నువ్వు తియ్యి."

"మా ఆయన జేబులో తప్ప ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టే అలవాటు నాకు లేదు సార్."

ఆ మాట అవతల వరసంతా పాకింది. ఒక్కొక్కరూ నవ్వుతుంటే ఆ నవ్వు కొండంచు వెంట దూరంగా వెళ్ళిపోయింది. మేనేజరుకు నవ్వు రాలేదు గానీ బిగదీసుకున్న మెడ కొంచెం వదులైంది.

అప్పుడు తోకక్క మోకాలు వణకడం మొదలుపెట్టింది. ఆ మోకాలిది అదో తీరు. నడిపిస్తే నడుస్తుంది, నిలబెడితే లొంగిపోతుంది. ట్యూబు ఎంత బిగించి కట్టినా లాభం లేకపోయింది. ఆమె బరువంతా ఎడమ కాలి మీదికి మార్చింది. అది కూడా ఎంతోసేపు ఆగదని తెలుసు. ఇక వేళాకోళానికి సమయం లేదు.

"సార్, నాకొక సాయం చెయ్యాలి."

మేనేజరు ఒక కన్ను తెరిచాడు. ఆ పరిస్థితిలో తనను ఒకరు సాయం అడుగుతారని అతను అనుకోలేదు.

"నా మోకాలు లొంగిపోతోంది. నేను ఇక్కడ నిలబడలేను, దాటాలి. నా ముందేముందో నాకు కనపడట్లేదు, మీరు అడ్డం. మీరే చూసి చెప్పాలి."

"నేనా?"

"మీరే. నా ముందున్నది మీరే కదా."

అతను ఆమె కాలి వైపు చూశాడు. ట్యూబు చుట్టిన ఆ కాలు గాలిలో తీగలా ఊగుతోంది. అది నాటకం కాదని అతనికి తెలిసింది, ఎందుకంటే తన కాళ్ళదీ అదే వణుకు.

"ఏం చెప్పాలి?"

"మీ కుడి కాలి పక్కన ఏముంది?"

"...రాయి."

"ఎలాంటి రాయి?"

"చిన్నది. పైన బల్లపరుపుగా ఉంది."

"గట్టిగా ఉందా? నేను కాలు పెట్టొచ్చా?"

"తెలీదు."

"తెలుసుకుని చెప్పండి సార్. దాని మీద నేను నా ప్రాణం పెట్టాలి."

అతని బూటు కదిలింది. ముందు కొస ఆనింది, తర్వాత మడమ ఆనింది, ఆ తర్వాత ఒళ్ళంతా దాని మీదికి ఒరిగింది. "గట్టిగానే ఉంది" అన్నాడు. అని, తను కదిలానని అప్పుడు గ్రహించి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"మంచిది. నేను మీరున్న చోటికి వచ్చాను. ఆ తర్వాత?"

"గుంట. చిన్న గుంట. నీళ్ళున్నాయి."

"లోపల కాలు పెట్టాలా, దాటాలా?"

"దాటు. అవతల అంచు బావుంది. ఆగు, ఆగు, నేను చూసి చెప్తా."

బండ మీద ఉన్నంతసేపూ మనిషికి తన కంపెనీ ఏదో, బోర్డు మీద ఏం రాయించాడో గుర్తుండదు. కాలి కింద ఏముంది, పక్క మనిషి ఎక్కడుంది, ఈ రెండే గుర్తుంటాయి. ఈ ఒక్క సంగతి తెలియకపోబట్టే కదా గదుల్లో కూర్చున్నవాళ్ళు నడిచేవాళ్ళ దారులకు తాళాలు వేస్తుంటారు.

"జారుడు!" అన్నాడతను. ఈసారి గొంతు అతనిదే. "ఎడమ మడమ జాగ్రత్త. చెయ్యి పైన పెట్టుకో, అక్కడ పట్టు దొరుకుతుంది."

అవతల ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. వదిన కూడా నోరు మూసుకుందంటే ఆ క్షణం ఎంత బరువైందో అర్థం చేసుకోవచ్చు. బండ ఉబ్బు తగ్గింది. అతని భుజం గడ్డి వైపు వచ్చింది. "గాలి!" అని అరిచాడు. గాలి నిజంగానే వచ్చింది, అతని చొక్కా బుంగలా ఉబ్బింది, అయినా అతను ఆగలేదు. ఇంకొక్క అడుగు. గడ్డిలో పడ్డాడు. పడి, వెంటనే మోకాళ్ళ మీద వెనక్కి తిరిగి, తోకక్క వస్తోందా అని చూశాడు.

తోకక్క వచ్చింది. ఆఖరి అడుగు కుంటుకుంటూ వేసి, గడ్డి మీద నిలబడి, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా బయటికి వచ్చేలా "ఉన్నా!" అని అరిచింది. కొండంతా ఆ అరుపును పట్టుకుని మళ్ళీ విసిరింది.

గవ్వల ఒడ్డు చేరాక ఆఫీసరమ్మ అందరినీ నిలబెట్టి మేనేజరును అడిగింది. "చెప్పండి. మిమ్మల్ని ఎవరైనా లాగారా? తోశారా?"

లాగారని ఒక్క మాటంటే చాలు. బండ వెనక అతను ఏం చేశాడో పూర్తిగా చూసిన మనిషి తోకక్క ఒక్కతే. ఆమె మాటకూ అతని మాటకూ తూకం వేస్తే ఏ వైపు మొగ్గుతుందో ఇన్నాళ్ళ బతుకులో ఆ ఆడవాళ్ళందరికీ తెలుసు. తోకక్క మాత్రం అతని ముఖంలోకి సూటిగా చూసింది.

మేనేజరు బూట్లలోంచి ఇసుక దులుపుకున్నాడు. షెడ్డు వైపు చూశాడు. తల గోక్కున్నాడు.

"ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నా కాళ్ళతోనే వచ్చాను" అన్నాడు. ఆ వెంటనే, "కానీ మళ్ళీ రమ్మంటే రాను మేడమ్" అన్నాడు.

"మీ ఇష్టం" అంది ఆఫీసరమ్మ. "రావాలనుకున్నవాళ్ళని మాత్రం ఇకమీదట ఎవరూ ఆపరు. గేటు ఇవాళే ఊడదీస్తారు. ఆ ఇనుముతోనే పొట్టబండకి చేతిపట్టు కడ్డీ వేయిస్తారు. ఖర్చు కంపెనీది."

ఆ తర్వాత పుట్టిన గోల రాయడానికి మాటలు చాలవు. వదిన ఆఫీసరమ్మను ఎత్తి గిరగిరా తిప్పింది. లాగకూడదు, మొయ్యకూడదన్న నియమం అప్పటికి ముగిసిందని ఆమె వాదన. ఈ కంపెనీ మారిందని ఎవరూ అనుకోవద్దు. కంపెనీలు మారవు, రేపు ఇంకో తాళంతో ఇంకో చోటికి వస్తాయి. ఆ ఒక్క మనిషి ఆ ఒక్క పూట నిజం చెప్పాడు. అతని చేత చెప్పించింది బతిమాలడమూ కాదు, బెదిరించడమూ కాదు. ఒక్కరిని కూడా వదిలి వెళ్ళని వరస అది.

షెడ్డు గుమ్మంలోంచి మేస్త్రి కేకేశాడు. "వచ్చిన వాళ్ళు లోపలికి రావాలి! ఐసు కరిగిపోతోంది!"

"మేం ఇంకా రాలేదు మేస్త్రీ!" అని అరిచింది తోకక్క. "దారిలో ఉన్నాం!"

ఎన్నేళ్ళుగానో ఆ ఒడ్డున పని చేస్తున్న ఆడవాళ్ళు. పొద్దున చీకటితో వచ్చి, చేతులు పగిలేదాకా చేపలు కడిగి, అలసిన ఒంటితో తిరిగి వెళ్ళేవాళ్ళు. గవ్వల ఒడ్డుకు దూరాల నుంచి మనుషులు సరదా కోసం వస్తుంటే, దాని పక్కనే బతుకంతా గడిపినవాళ్ళలో ఒక్కరూ ఆ నీళ్ళలో ఊరికే కాళ్ళు పెట్టి ఎరగరు. ఎవరు మొదట రబ్బరు బూట్లు విప్పారో తెలీదు. బూట్లు ఇసుకలో కుప్ప పడ్డాయి.

"వరస కట్టండే!" అని అలవాటుగా అనబోయింది ఒకామె.

"ఇప్పుడు వరసేంటే!" అంది వదిన.

ముందెవరు, వెనకెవరు అని చూసుకోకుండా అందరూ ఒక్కసారే నీళ్ళలోకి పరిగెత్తారు. నడిమధ్యలో ఎక్కడో, అటు ఒకరి భుజం ఇటు ఒకరి భుజం పట్టుకుని, కుంటుతూ, మొట్టమొదటి అల నడుం దాకా తగిలితే కెవ్వుమంటూ, తోకక్క.